ఎత్తులూ పైఎత్తులూ: ఇంగ్లీషు మేడమ్ జవాబులు

పోయిన నెల ‘స్ట్రాటజీ’ అనే మాట మీద రెండు ముక్కలు రాసి వదిలేశాను. ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ దాని చుట్టూనే తిరిగాయి. కడపలో ఇంటి వరండాలో కూర్చున్న ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్‌ను ఇంతమంది యుద్ధవిద్య గురించి అడుగుతారని ఎవరనుకుంటారు? కొన్నింటికి తీరిగ్గా, కొన్నింటికి ఒక్క మాటలో చెప్తాను. చిన్న జవాబు వచ్చినవాళ్లు అలగొద్దు.

ప్రశ్న: మేడమ్, ఎంబీఏ ఇంటర్వ్యూలో ‘స్ట్రాటజీకి, టాక్టిక్స్‌కి తేడా ఏమిటి?’ అని అడిగారు. రెండూ ప్లానే కదా సార్ అన్నాను. బోర్డులో అందరూ నవ్వారు. మా నాన్న వేరుశనగ రైతు. నాకు అర్థమయ్యే భాషలో చెప్పగలరా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: నవ్వితే నవ్వనీ నాయనా. ఆ నవ్విన వాళ్లందరికీ తేడా తెలుసని నేనైతే నమ్మను.

రెండు మాటలూ గ్రీకువే. ‘స్ట్రాటెగోస్’ అంటే సేనాధిపతి. పాత ఏథెన్స్‌లో ఇలాంటి సేనాధిపతులను ఏటా పదిమందిని ఎన్నుకునేవాళ్లు. వాళ్లు చేయాల్సిన ఆలోచన స్ట్రాటజీ. టాక్టిక్స్‌కి మూలమైన క్రియకు ‘వరుసలో అమర్చడం’ అని అర్థం. ఎవరిని ముందు నిలబెట్టాలి, గుర్రాలను ఏ పక్కన ఉంచాలి, ఎప్పుడు వదలాలి అన్నది టాక్టిక్స్. జర్మన్ సైనికాధికారి క్లాజ్‌విట్జ్ ఇంకా సూటిగా తేల్చాడు. ఒక పోరులో సైన్యాన్ని ఎలా వాడుకోవాలో చెప్పేది టాక్టిక్స్, ఆ పోరులన్నిటినీ కలిపి యుద్ధం ఆశయం కోసం ఎలా వాడుకోవాలో చెప్పేది స్ట్రాటజీ అన్నాడు. ఇంకో తమాషా ఏమంటే, ఇంగ్లీషులోకి టాక్టిక్స్ 17వ శతాబ్దంలోనే వచ్చేసింది. స్ట్రాటజీ మాత్రం ఫ్రెంచి మీదుగా, నెపోలియన్ యుద్ధాల రోజుల్లో వచ్చింది. వ్యాపారం వాళ్లు దాన్ని తమ సొంత ఆస్తిలా వాడుకోవడం మొదలైంది రెండో ప్రపంచ యుద్ధం అయ్యాకే.

ఇప్పుడు మీ నాన్న చేను దగ్గరికి పోదాం. జూన్ చివర ఒక వాన పడింది, పదునైంది. ఇప్పుడే విత్తేయాలా, ఇంకో వాన చూడాలా? ఎద్దుల గొర్రా, బాడుగ ట్రాక్టరా? ఇంట్లో దాచిన విత్తనకాయా, సబ్సిడీ కాయా? కూలీలు రేపు దొరుకుతారా? ఇదంతా టాక్టిక్స్. ఆ రోజు, ఆ చేను, ఆ తేమ చూసి తేల్చుకోవాల్సిందే. రెండు రోజులు ఎండ కాస్తే ఆ లెక్కంతా మారిపోతుంది.

అదే మీ నాన్న రాత్రి భోంచేసి మంచం మీద పడుకుని నిద్రపట్టక ఆలోచించేది ఇంకొకటి ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానను నమ్ముకుని ఎన్నాళ్లు వేరుశనగే వేయడం? కొంత భూమిలో చీనీ (బత్తాయి) పెడితే? చీనీ కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు, అందాకా ఇల్లు ఎట్లా గడవాలి? నీళ్లకు ఇంకో బోరు వేయాలా? అప్పు చేసి వేసిన బోరు ఎండిపోతే? కొడుకును ఎంబీఏ చదివించాలా, భూమి మీదికి రమ్మనాలా? ఇది స్ట్రాటజీ. చివరి ప్రశ్నకు మీ నాన్న జవాబు నువ్వే.

మరి వేరుశనగ మధ్యలో కంది సాళ్లు వేస్తారు కదా, అది ఏ లెక్కలోకి వస్తుంది? విత్తేటప్పుడు చేసే పని కాబట్టి టాక్టిక్ అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఈ ఏడు వాన ఎప్పుడు పడుతుందో నాకు తెలియదు అని ముందే లెక్కలో వేసుకుని చేసే ఏర్పాటు అది. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ఎగ్గొట్టినా, కంది వేరు లోతుకు పోతుంది, పంటకాలం ఎక్కువ, ఆలస్యంగా పడిన వానను కూడా వాడుకుంటుంది. తెలియనిదాన్ని లెక్కలో వేసుకున్న ఏ ఆలోచనైనా నా దృష్టిలో స్ట్రాటజీయే. మన ముసలివాళ్లు దాన్ని పవర్‌పాయింట్‌లో చూపించలేదు, అంతే.

క్లాసులో పిల్లలకు ఒక కొలత చెప్పేదాన్ని. తప్పితే వచ్చే వారం దిద్దుకోగలిగేది టాక్టిక్, తప్పితే ఏళ్లతరబడి మోయాల్సింది స్ట్రాటజీ. పండితులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు గానీ ఇంటర్వ్యూకి చాలు. తెలుగులో అయితే వ్యూహం, ఎత్తుగడ అని రెండు మాటలు ఉండనే ఉన్నాయి. కమ్యూనిస్టుల పత్రాలు తిరగేస్తే ఈ రెండూ జంటగా, ఎవరి స్థానంలో వారు ఉన్నట్టు కనిపిస్తాయి. టీవీ చానళ్లు మాత్రం రెంటినీ కలిపి ‘మాస్టర్ ప్లాన్’ చేసిపెట్టాయి.

ప్రశ్న: మా స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ గోడ మీద రాయించడానికి మంచి కొటేషన్లు రెండు తీసిపెట్టుకున్నాను. ‘స్ట్రాటజీ లేని టాక్టిక్స్ ఓటమికి ముందు వినిపించే రొద’ అన్న పాతకాలపు చైనా యుద్ధ పండితుడు సన్ జూ మాట ఒకటి, ‘ప్లాన్ చేయకపోతే ఓడిపోవడానికి ప్లాన్ చేసినట్టే’ అన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాట ఒకటి. పెయింటర్‌ను పిలిచే ముందు మీరు ఓకే అంటే చాలు.
– ఒక ట్యూటర్, ప్రొద్దుటూరు

జవాబు: పెయింటర్‌ను ఆపండి. మొదటిది సన్ జూ రాతల్లో ఎక్కడా లేదు. రెండోది ఫ్రాంక్లిన్ కాగితాల్లో ఎవరికీ దొరకలేదు. వాట్సాప్‌లో చైనా మాట అయితే సన్ జూకి, అమెరికా మాట అయితే ఫ్రాంక్లిన్‌కి, మిగిలినవన్నీ అబ్దుల్ కలాం గారికి అంటగట్టడం ఆనవాయితీ అయిపోయింది.

గోడకు నిజమైన మాటే కావాలంటే రెండు ఉన్నాయి. జర్మన్ సేనాని మోల్ట్‌కే 1871లో రాసింది ఒకటి. శత్రువు ప్రధాన బలాన్ని మొదటిసారి ఢీకొన్న తర్వాత ఏ ప్లాన్ కూడా అనుకున్నట్టు ఖాయంగా నడవదు అన్నది దాని సారం. జనం నోట్లో అది అరిగి అరిగి ‘నో ప్లాన్ సర్వైవ్స్ కాంటాక్ట్ విత్ ది ఎనిమీ’ అయింది. రెండోది ఐసెన్‌హోవర్‌ది, 1957 నవంబరులో, ఆయన అమెరికా ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఒక సభలో అన్నది: ‘ప్లాన్స్ ఆర్ వర్త్‌లెస్, బట్ ప్లానింగ్ ఈజ్ ఎవ్రీథింగ్’. అది కూడా తన సొంతం కాదు, ఎప్పుడో సైన్యంలో ఉండగా విన్నాను అని ఆయనే చెప్పాడు. పెద్దమనిషి.

ఆ మాట అనడానికి ఆయనకు అర్హత ఎక్కడిదో కూడా మీ పిల్లలకు చెప్పండి. 1944లో ఫ్రాన్స్ తీరాన నార్మండీ మీద దిగిన సేనలన్నిటికీ ఆయనే అధిపతి. జూన్ 5న దిగాలని నెలల తరబడి లెక్కలు వేశారు. తీరా వాతావరణం ఎదురు తిరిగింది. ఒక రోజు వాయిదా వేసి 6న దింపాడు. దిగకముందే, ఒకవేళ ఓడిపోతే లోకానికి ఏం చెప్పాలో నాలుగు వాక్యాలు పెన్సిల్‌తో చీటీ మీద రాసి దగ్గర పెట్టుకున్నాడు. తప్పు ఏదైనా ఉంటే అది నాది ఒక్కడిదే అన్నది అందులో చివరి వాక్యం. ఎంత టెన్షన్‌లో రాశాడో గానీ, చీటీ మీద తేదీ జూన్ బదులు జూలై 5 అని వేశాడు. ఆ చీటీ ఇప్పటికీ భద్రంగా ఉంది. రెండు కొటేషన్లకు బదులు ఈ కథ రాయిస్తే గోడ సరిపోదనుకుంటా.

ప్రశ్న: మాది పట్టుచీరల వ్యాపారం. బెంగళూరు షోరూం వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘ఏస్ అప్ యువర్ స్లీవ్’, ‘ట్రంప్ కార్డ్’, ‘కార్డ్స్ క్లోజ్ టు ది చెస్ట్’ అని దొర్లిస్తుంటారు. పొగుడుతున్నారో తిడుతున్నారో తెలియక నవ్వి ఊరుకుంటున్నాను.
– ఒక చీరల వ్యాపారి, ధర్మవరం

జవాబు: నవ్వి ఊరుకోవడం మంచి ఎత్తుగడే. మూడూ పేకాట బల్ల మీద పుట్టినవి. ట్రంప్ అంటే మన తురుపు ముక్క, ‘ట్రయంఫ్’ అనే విజయవాచకం అరిగి అలా అయింది. దాంతో గొడవ లేదు. ఏస్ అప్ ది స్లీవ్ అంటే చొక్కా చేతి మడతలో దాచిన ఆసు. అక్షరాలా తీసుకుంటే అది దొంగాట. ఇప్పుడెవరూ ఆ అర్థంలో వాడరు లెండి, సమయానికి బయటికి తీసే బలం అనే అంటారు. దానికి చెల్లెలు ఒకటుంది, ఏస్ ఇన్ ది హోల్. పోకర్‌లో న్యాయంగా బోర్లించి ఉంచిన ముక్క అది. మిమ్మల్ని గురించి మీరు చెప్పుకునేటప్పుడు ఈ రెండోది వాడండి. ఇదే బల్ల నుంచి వచ్చింది అబోవ్ బోర్డ్ కూడా. చేతులు బల్ల పైన అందరికీ కనిపించేలా పెట్టి ఆడటం, అంటే దాపరికం లేని వ్యవహారం.

ఇక ముక్కలు గుండెకు ఆనించి పట్టుకోవడం. దీనికి పేకాట దాకా పోనక్కర్లేదు, మన పశువుల సంతకు పోతే చాలు. కొనేవాడి తరఫున ఒకడు, అమ్మేవాడి తరఫున ఒకడు చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పేస్తారు. బేరమంతా తువ్వాలు కింద వేళ్లతోనే. ఒక వేలు పట్టి నొక్కితే ఒక లెక్క, నాలుగు కలిపి పట్టుకుంటే ఇంకో లెక్క. పైకి వినబడేది ‘ఊహూ’, ‘ఇంకొంచెం పైకి రాన్నా’, అంతే. ముఖాలు చూస్తే రాతి విగ్రహాలు. చుట్టూ పదిమంది మెడలు సాచి నిలబడినా ఒక్కడికీ అంకె తెలియదు. చిన్నప్పుడు మా తాత వెంట పోయి, తువ్వాలు ఎప్పుడు జారుతుందా అని కాచుకుని చూసేదాన్ని. ఒక్కసారి జారలేదు. కార్డ్స్ క్లోజ్ టు ది చెస్ట్ అంటే అదీ.

కాబట్టి షోరూం వాళ్లు మిమ్మల్ని అంటున్నది ఏమంటే, మీ ఆఖరి రేటు మాకు అంతుపట్టడం లేదని. నవ్వుతూనే ఉండండి.

ప్రశ్న: గెరిల్లా మార్కెటింగ్ చేస్తే మా టిఫిన్ సెంటర్ బాగా నడుస్తుందని మా తమ్ముడు పోరుతున్నాడు. గొరిల్లా వేషం వేయించి ఒక కుర్రాణ్ని బస్టాండ్‌లో నిలబెడతానంటాడు. ఇదేనా ఆ మార్కెటింగ్?
– ఒక హోటల్ యజమాని, కోవెలకుంట్ల

జవాబు: గొరిల్లా అడవిలో జంతువు. గెరిల్లా స్పానిష్ మాట, ‘చిన్న యుద్ధం’ అని అర్థం. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌లో దిగినప్పుడు, పెద్ద సైన్యానికి ఎదురు నిలవలేని జనం చిన్న చిన్న గుంపులుగా దెబ్బకొట్టి కొండల్లోకి మాయమయ్యేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను అక్కడ నేర్చుకున్నారు.

నేర్చుకున్న నలభై ఏళ్లలోపే మీ ఊళ్లోనే ఆ పద్ధతి రుచి చూశారు. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. కంపెనీ సైన్యం వెంట తరిమితే నల్లమల అంచుల్లోని కొండలు, అడవులు ఆయనను దాచాయి. అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న మీ ఊళ్లోనే ఉరితీశారు. తలను 1877 దాకా కోట గోడకు వేలాడదీసి ఉంచారంటే, దొరలు ఎంత బెదిరిపోయారో ఊహించుకోండి.

మార్కెటింగ్‌లో దీని అర్థం, డబ్బు లేనివాడు డబ్బున్నవాడితో పోటీకి అనుకోని చోట, అనుకోని వేళ దిగడం. ఆ లెక్కన మీ తమ్ముడి గొరిల్లా కూడా గెరిల్లాయే! అయినా నన్ను అడిగితే వేషం ఖర్చు వద్దు. తెల్లవారుజామున నైట్ సర్వీసులు దిగే వేళకు వేడి వేడి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ, చిన్న ఆకులో పెట్టి డ్రైవర్‌కి, కండక్టర్‌కి ఊరికే ఇవ్వమనండి. బస్సు ఎక్కడ ఆగాలో తేల్చేది వాళ్లే కదా.

ప్రశ్న: కర్నూలు చుట్టుపక్కల ఏ వెంచర్ బ్రోచర్ చూసినా ‘స్ట్రాటజికల్లీ లొకేటెడ్’ అని ఉంటోంది. ఆ మాటకు అసలు అర్థం ఏమిటి? ప్లాటు కొనాలనుకుంటున్నాం.
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: ఏ చోటు చేతిలో ఉంటే దానికి మించినది ఇంకేదో చేతికి వస్తుందో, ఆ చోటు స్ట్రాటజిక్. మీ ఊరే మంచి ఉదాహరణ. కర్నూలు పాత పేరు కందనవోలు. అలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఇరుసులకు కందెన పూసుకునేవని, ఆ పేరు అందుకే వచ్చిందని పెద్దలు చెప్తారు. ఏరు దాటే చోటు ఎవడి చేతిలో ఉంటే అటూ ఇటూ పోయే దారంతా వాడిదే. అందుకే ఇక్కడ కోట కట్టారు, కొండారెడ్డి బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధానీ అయింది, మూడేళ్లపాటు.

ఊరికి దూరంగా, నాలుగు రాళ్లు పాతి, ఆర్చి కట్టి, పక్కన ఏముందంటే ‘రాబోయే రింగ్ రోడ్డు’ అని చూపించే చోటు స్ట్రాటజిక్ కాదమ్మా. అది ఆశ. ప్లాటు కొనండి, వద్దనను. లింకు డాక్యుమెంట్లు చూసి కొనండి, బ్రోచర్‌లో క్రియావిశేషణాలు చూసి కాదు.

ప్రశ్న: ప్లాన్ బి, ఫాల్‌బ్యాక్, కంటింజెన్సీ ప్లాన్ మూడూ ఒకటేనా? టెన్త్ పిల్లలు అడిగితే ఒకటే అన్నాను.
– ఒక ఉపాధ్యాయిని, హిందూపురం

జవాబు: దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. ప్లాన్ బి ముందే ఆలోచించి పెట్టుకున్న రెండో దారి. కంటింజెన్సీలో ‘ఫలానాది జరిగితే’ అనే షరతు ఉంటుంది. వాన వస్తే పెళ్లి భోజనాలు పక్కనున్న స్కూల్లో అన్నట్టు. ఫాల్‌బ్యాక్ సైన్యం మాట. వెనక్కి తగ్గి నిలబడటానికి ముందే కట్టి ఉన్న చోటు కావాలి దానికి.

మీకు పెనుకొండ పక్కనే ఉంది, పిల్లలను ఒకసారి తీసుకుపోండి. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు హతుడయ్యాక, తమ్ముడు తిరుమలరాయలు పేరుకు చక్రవర్తిగా ఉన్న సదాశివరాయలను, ఖజానాను వెంటబెట్టుకుని హంపీ వదిలి వచ్చేశాడు. రాజధాని పెనుకొండకు మారింది. అప్పటికప్పుడు వెతుక్కున్న చోటు కాదది. బుక్కరాయల కాలం నుంచే విజయనగరానికి ముఖ్యమైన కోట. గోడలున్నాయి, నీళ్లున్నాయి, వెనుక కొండ ఉంది. అందుకే పెద్ద నగరం బూడిదైనా రాజ్యం ఇంకొన్ని దశాబ్దాలు బతికింది, తర్వాత చంద్రగిరికి పోయింది. కొండెక్కి కోట గోడ మీద నిలబెట్టి ‘ఇదీ ఫాల్‌బ్యాక్’ అంటే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ప్రశ్న: ‘ప్లే ఇట్ బై ఇయర్’ అంటే చెవికి సంబంధం ఏమిటి?
– కడప

జవాబు: స్వరాలు రాసిన కాగితం లేకుండా విన్నదాన్ని బట్టి వాయించడం. ‘అప్పటికప్పుడు చూసుకుందాంలే’ అనడం.

ప్రశ్న: ‘పుల్లింగ్ ది స్ట్రింగ్స్’ అంటే తోలుబొమ్మలాటే కదా?
– ధర్మవరం

జవాబు: బొమ్మలాటే గానీ మనది కాదు. అది దారాలతో పైనుంచి ఆడించే బొమ్మలది. మీ పక్కనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలను ఆడించేది పుల్లలతో. తెర వెనుక దీపం, చేతుల్లో పుల్లలు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంగ్లీషువాడు నిమ్మలకుంటలో పుట్టి ఉంటే ‘పుల్లింగ్ ది స్టిక్స్’ అనేవాడేమో.

ప్రశ్న: మా ఆఫీసులో రోజుకో డెడ్‌లైన్. పని గడువుకు, చావుకు సంబంధం ఏమిటి మేడమ్?
– ఒక కాంట్రాక్టు ఉద్యోగిని, కడప

జవాబు: ఉంది, చాలా దగ్గరి సంబంధం. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో దక్షిణాది వాళ్లు యుద్ధఖైదీల శిబిరం పెట్టారు. చుట్టూ ఎత్తయిన దుంగల గోడ. గోడకు లోపలి వైపు 20 అడుగులకు అటూ ఇటూగా తేలికపాటి కర్రల కంచె. చూడ్డానికి మేకలు కూడా దాటేలా ఉంటుంది. దానికి పెట్టిన పేరు డెడ్ లైన్. ఖైదీ దాన్ని దాటితే కాపలావాడు అడక్కుండా కాల్చేయవచ్చు. ఏడాది చిల్లరలో అక్కడ ఉంచినవాళ్లు దాదాపు 45 వేలమంది, పోయినవాళ్లు 13 వేలకు దగ్గర. తూటాల కన్నా రోగం, ఆకలి చంపినవాళ్లే ఎక్కువ. యుద్ధం అయ్యాక శిబిరం అధికారి హెన్రీ వర్జ్‌ను విచారించి 1865 నవంబరులో ఉరితీశారు. ఆ విచారణలో డెడ్ లైన్ మాట పదే పదే వచ్చింది, పేపర్లు చదివేవాళ్ల నోట్లో పడింది. అర్ధశతాబ్దం తర్వాత అమెరికా పేపరాఫీసుల్లో వార్త ఇవ్వాల్సిన ఆఖరి వేళకు ఆ పేరు స్థిరపడింది.

వాడుక సంగతి చెప్తాను. గడువులోగా చేస్తే ‘మీట్’, తప్పితే ‘మిస్’, పెంచితే ‘ఎక్స్‌టెండ్’. ‘డెడ్‌లైన్ డేట్’ అనకండి, గేటు తలుపు అన్నట్టు ఉంటుంది. మా ఎడిటర్ గారు కూడా నాకు ప్రతి నెలా ఒకటి పెడతారు. దాటితే తుపాకీ పేలదు గానీ ఫోను మోగుతుంది, అది ఇంకా ఘోరం.

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం. ప్లాన్ మార్చిన ప్రతిసారీ మా ఇంజనీరు ‘బ్యాక్ టు ది డ్రాయింగ్ బోర్డ్’ అని నవ్వుతాడు. అందులో అంత నవ్వేముంది?
– జమ్మలమడుగు

జవాబు: అది పుట్టిందే కార్టూన్‌లో. 1941 మార్చిలో న్యూయార్కర్ పత్రికలో పీటర్ ఆర్నో గీశాడు. వెనుక విమానం నేలకు గుద్దుకుని ముక్కలై ఉంటుంది, జనం అటు పరిగెడుతుంటారు. ఆ విమానం గీసిన ఇంజనీరు మాత్రం చుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని తాపీగా ఇవతలికి నడిచి వస్తూ ‘సరే, మళ్లీ డ్రాయింగ్ బోర్డు దగ్గరికి’ అంటాడు. మీ ఇంజనీరు నవ్వితే పర్లేదు. శ్లాబు పోశాక ఆ మాట అంటే మాత్రం భయపడండి.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. స్టార్టప్ పెడదామని ఫ్రెండ్స్ అంటున్నారు. ‘ఎగ్జిట్ స్ట్రాటజీ లేకపోతే అభిమన్యుడి గతి పడుతుంది’ అని మా మామయ్య భయపెడుతున్నాడు. పోలిక సరైందేనా?
– ఒక పాఠకుడు, రాయచోటి

జవాబు: మీ మామయ్య మాట సగమే నిజం. స్టార్టప్ భాషలో ఎగ్జిట్ స్ట్రాటజీ అంటే పెట్టుబడి పెట్టినవాళ్లు తమ డబ్బు ఎప్పుడు, ఎలా వెనక్కి తీసుకుంటారన్నది. కంపెనీని పెద్దవాళ్లకు అమ్మడమో, షేర్లు మార్కెట్లోకి తేవడమో. పారిపోయే దారి కాదు.

ఇక అభిమన్యుడు. తిక్కన గారి ద్రోణపర్వం మళ్లీ ఒకసారి చూడండి. పద్మవ్యూహం ఛేదించడం తెలుసు, బయటపడటం తెలియదు అని ఆ కుర్రాడు దాచుకోలేదు, ధర్మరాజుకు ముందే చెప్పాడు. నువ్వు దారి చెయ్యి, నీ వెనుకే మేమంతా చొచ్చుకొస్తాం అన్నారు పెదనాన్నలు. అంటే బయటికి వచ్చే ఏర్పాటు ఉంది! కానీ సైంధవుడు శివుడి వరంతో ఆ ఒక్కరోజు భీముడితో సహా అందరినీ వ్యూహద్వారం దగ్గరే ఆపేశాడు. లోపల కుర్రాడు ఒంటరి అయ్యాడు. లోపం ఎగ్జిట్ స్ట్రాటజీ లేకపోవడంలో లేదు. ఆ స్ట్రాటజీ మొత్తం వెనుక వస్తామన్నవాళ్ల మీద ఆనుకుని ఉండటంలో ఉంది.

అందుకని మీ ఫ్రెండ్స్‌ను అడగాల్సింది వేరే. ఎవరెవరు ఉద్యోగం మానేసి వస్తున్నారు, ఎవరు ‘నువ్వు మొదలుపెట్టు, మేం వెనకే వస్తాం’ అంటున్నారు? రెండో రకం వాళ్లు ఎక్కువైతే మామయ్య మాట వినండి.

ప్రశ్న: చెస్ కోచింగ్‌లో ‘గాంబిట్’ అంటారు. పేపర్లో ‘పొలిటికల్ గాంబిట్’ అని రాస్తారు. ఒకటేనా?
– ఇంటర్ విద్యార్థి, నంద్యాల

జవాబు: ఒకటే. ఇటాలియన్‌లో ‘గాంబా’ అంటే కాలు, కాలు అడ్డం పెట్టి పడేయడం నుంచి వచ్చింది. చదరంగంలోకి తెచ్చింది రూయ్ లోపెజ్ అనే స్పెయిన్ పాదిరీ, 1561లో. ఆట మొదట్లోనే ఒక బంటును కావాలని వదిలి, బదులుగా చోటు సంపాదించడం. పేపర్లో అయితే నాయకుడు ఏం వదులుకున్నాడో వెతుకు. ఏమీ వదులుకోకపోతే అది గాంబిట్ కాదు, ప్రెస్‌మీట్.

ప్రశ్న: డిగ్రీ అయ్యాక ఏం చేస్తావురా, ఫీజు ఎట్లా కడతావురా అని ఏదడిగినా మా అబ్బాయి ‘వుయ్ విల్ క్రాస్ దట్ బ్రిడ్జ్ వెన్ వుయ్ కమ్ టు ఇట్’ అంటాడు. దీటైన జవాబు ఒకటి నేర్పండి మేడమ్.
– ఒక తండ్రి, కమలాపురం

జవాబు: వంతెన వచ్చినప్పుడు దాటుదాం, ఇప్పటినుంచే ఎందుకు కంగారు అని. 1851లోనే అమెరికా కవి లాంగ్‌ఫెలో దీన్ని పాత సామెత అన్నాడు, కాబట్టి మీవాడు కొత్తగా కనిపెట్టింది కాదు. జవాబు మీ ఊళ్లోనే ఉంది కదండీ. 2021 నవంబరు వరదల్లో మీ కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద వంతెన కూలిపోయింది. దాటుదామని దాకా వచ్చినవాళ్లు ఎన్ని ఊళ్లు చుట్టి పోయారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఫోటో ఎవరి ఫోన్లోనో ఉండే ఉంటుంది. అబ్బాయికి వాట్సాప్ చేయండి. కింద ఏమీ రాయొద్దు.